దుకాణం నాదే అని చెప్పగలగాలి



సౌదీ అరేబియా అనగానే మన ఊళ్ళలో వినిపించే మాటలు కొన్నే. వీసాకు ఎంత కట్టావు, అకామా, అంటే అక్కడ ఉండటానికి అనుమతి కార్డు, చేతికొచ్చిందా, కఫీలు, అంటే పూచీపడ్డ సౌదీ యజమాని, మంచివాడేనా, జీతం నెలనెలా పడుతోందా. జగిత్యాలలో అడిగినా, నిజామాబాద్‌లో అడిగినా, అటు రాయచోటిలో, కోనసీమలో అడిగినా ఇవే. ఇవన్నీ కూలికి పోయినవాడి ప్రశ్నలు. అక్కడికి పోయి, కొన్నాళ్ళు ఒకరి కింద చేసి, తర్వాత ఒక చిన్న కొట్టు పెట్టుకున్నవాడి గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. దర్జీ పని, టిఫిన్ సెంటరు, ఏసీ మరమ్మతు, బకాలా అని పిలిచే కిరాణా కొట్టు. ఆ మనిషికి పనితనం ఉంటుంది, పొదుపు ఉంటుంది, తెల్లారినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా నిలబడే ఓపిక ఉంటుంది. కొట్టు మాత్రం పదేళ్ళయినా అదే గదిలో అదే నాలుగు అరలతో ఉంటుంది. ఏమయ్యా పెరగలేదేం అంటే, పెట్టుబడి లేదన్నా అంటాడు.

ఆ జవాబు సగమే నిజమని నా అనుమానం. మిగతా సగం మాటకు సంబంధించినది. ఆ మనిషి నోరు మెదపకుండా వ్యాపారం చేయడం నేర్చుకున్నాడు. అది పుట్టుకతో వచ్చిన మొహమాటం అనుకోకండి. అక్కడి పద్ధతి నేర్పిన పాఠం.

ఆ పద్ధతి చెబుతాను. కొట్టు లైసెన్సు ఒక సౌదీ పౌరుడి పేరున ఉంటుంది. అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, బయటి బోర్డు అన్నీ ఆయన పేరునే. లోపల సరుకు మనవాడిది, చెమట మనవాడిది, నష్టమూ మనవాడిదే. ఆయనకు నెలకింత అని ముట్టచెబుతాడు. అకామాలో మాత్రం డ్రైవరనో, సేల్స్‌మన్ అనో ఉంటుంది. దీనిని అక్కడ తసత్తుర్ అంటారు. ఎప్పటినుంచో నేరమే అయినా చూసీచూడనట్టు సాగిపోయింది. 2020 ఆగస్టులో కొత్త చట్టం తెచ్చారు, 2021లో అమలుకు వచ్చింది. అయిదేళ్ళ వరకు జైలు, 50 లక్షల రియాళ్ళ వరకు జరిమానా. పేరిచ్చిన సౌదీకీ శిక్షే, నడిపిన విదేశీయుడికీ శిక్షే. విదేశీయుణ్ణి ఆ పైన దేశం నుంచి పంపించేస్తారు. తప్పు దిద్దుకోవడానికి 2022 ఫిబ్రవరి దాకా గడువు కూడా ఇచ్చారు.

చట్టం సంగతి పత్రికల్లో వచ్చింది. ఆ ఏర్పాటు మనిషి నోటికి ఏం చేసిందో మాత్రం ఎవరూ రాయలేదు. టోకు వ్యాపారి దగ్గరకు పోయి, నా పేరు మీద నెల అరువు పెట్టండి అని అడగలేడు. బ్యాంకు మెట్లెక్కలేడు. పక్క కొట్టు ఖాళీ అయితే ఆ గది సొంతదారుతో బేరం ఆడలేడు. ప్రకటన వేసుకోలేడు, ఎక్కువ పేరొస్తే ఎక్కువ కళ్ళు పడతాయి కాబట్టి. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి యజమాని ఎవరని అడిగితే, కౌంటరు వెనక నిలబడ్డ యజమాని, లేడు సాబ్, బయటికి పోయాడు అని చెప్పాలి. ఇలా పదిహేనేళ్ళు బతికినవాడిని పట్టుకుని, కమ్యూనికేషన్ నైపుణ్యాలు పెంచుకోవాలి బాబూ అని ఉపన్యాసం ఇస్తే నవ్వుతాడు.

అరబ్బీలో మొదట నేర్చుకోవాల్సిన వాక్యం ఏదంటే, నేనైతే, అనా సాహిబుల్ మహల్, ఈ దుకాణం యజమానిని నేనే, అని చెబుతాను. అది నోటికి రావడం తేలికే. దాని వెనక కాగితం లేకపోతే మాత్రం ఆ వాక్యమే సాక్ష్యమై మీ మీదికి వస్తుంది. అందుకే మాటకంటే ముందు కాగితం.

కాగితానికి దారులు ఇప్పుడు కొన్ని ఉన్నాయి, అందరికీ కాదు. విదేశీయులు నూరు శాతం వాటాతో టోకు, చిల్లర వ్యాపారం చేసుకోవచ్చని 2016లో ప్రకటించినప్పుడు పెట్టిన షరతు, మూడు కోట్ల రియాళ్ళ మూలధనం, మూడు దేశాల్లో ఇప్పటికే వ్యాపారం. బకాలా పెట్టుకుందామనుకున్న మన కరీంనగర్ అన్నకు ఆ తలుపు తీసినా మూసినా ఒకటే. సేవల రంగంలో, అంటే మరమ్మతులు, కన్సల్టెన్సీ, సాంకేతిక పనుల వైపు, పెట్టుబడుల మంత్రిత్వ శాఖ దగ్గర నమోదు చేసుకునే దారి కొంత అందుబాటులో ఉంటుంది. 2019లో ప్రీమియం రెసిడెన్సీ వచ్చింది. ఒకేసారి 8 లక్షల రియాళ్ళు కడితే శాశ్వతం, లేదంటే ఏడాదికి లక్ష. కఫీలు అవసరం లేదు, వ్యాపారం చేసుకోవచ్చు. 2024 జనవరిలో ఇందులోనే వ్యాపారం మొదలుపెట్టేవారికి, పెట్టుబడిదారులకు, ప్రత్యేక ప్రతిభ ఉన్నవారికి వేరువేరు రకాలు చేర్చారు. ఇవేవీ అందని మనిషికి మిగిలేది, సౌదీ యజమాని దగ్గర జీతానికి మేనేజరుగా నిజాయతీగా ఉండటం. అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ అప్పుడు మేనేజరు పని చేయాలి, అంటే లెక్క చూపించాలి, ఇది కొందాం అది వద్దు అని యజమానికి ఎదురుగా కూర్చుని చెప్పాలి. మళ్ళీ మాట దగ్గరికే వచ్చాం.

ఇక పోటీ. ఇంతకాలం మనవాడి బలం రెండే, తక్కువ ధర, ఎక్కువ గంటలు. ఆ రెండూ అరిగిపోతున్నాయి. 2016 సంగతి గుర్తుండే ఉంటుంది. మొబైల్ ఫోన్ల అమ్మకం, మరమ్మతు కొట్లలో జూన్ నుంచి సగం మంది, సెప్టెంబరు నుంచి మొత్తం అందరూ సౌదీలే ఉండాలన్నారు. చేతిలో స్క్రూడ్రైవరుతో బతికిన వేలమంది మనవాళ్ళు, మలయాళీలు, బంగ్లాదేశీలు కొన్ని నెలల్లో దారి వెతుక్కోవాల్సి వచ్చింది. 2017 జులై నుంచి విదేశీయుల కుటుంబ సభ్యుల మీద నెలవారీ రుసుము పెట్టారు. తలకు 100 రియాళ్ళతో మొదలై 2020 నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు అంటే ఏడాదికి 14,400 రియాళ్ళు. చాలామంది కుటుంబాలను ఇంటికి పంపేశారు. ఇంట్లో కూర్చుని కొట్టు లెక్కలు చూసిపెట్టే ఆవిడ కూడా అలా వెళ్ళిపోయింది. ఈ నష్టం ఏ లెక్కలోకీ రాలేదు.

అదే సమయంలో ఆ దేశం తన పిల్లలకు వ్యాపారం నేర్పడం మొదలుపెట్టింది. 2016 ఏప్రిల్‌లో ప్రకటించిన విజన్ 2030 ప్రణాళికలో ఒక లక్ష్యం, చిన్న, మధ్యతరహా సంస్థల వాటాను దేశ స్థూల ఉత్పత్తిలో 20 శాతం నుంచి 35 శాతానికి పెంచడం. దీనికోసమే మున్‌షాత్ అనే ప్రభుత్వ సంస్థను పెట్టారు. వాళ్ళ లెక్కలో అయిదుగురి వరకు పనివాళ్ళు, 30 లక్షల రియాళ్ళ లోపు అమ్మకం ఉంటే సూక్ష్మ సంస్థ, 6 నుంచి 49 మంది ఉంటే చిన్న సంస్థ. శిక్షణ తరగతులు, సలహాదారులు, అప్పుకు హామీ అన్నీ ఏర్పాటు చేశారు. ఇప్పుడు రియాద్‌లో కాఫీ బండి పెట్టిన పాతికేళ్ళ సౌదీ అమ్మాయి, తన సరుకు గురించి రెండు నిమిషాల్లో చెప్పగలదు, స్నాప్‌చాట్‌లో అమ్మగలదు. పక్క సందులో మనవాడు ఇరవై ఏళ్ళుగా అంతకంటే మంచి చాయ్ పోస్తున్నాడు. ఎవరికీ తెలియదు.

సరే, మాట అంటే ఏ మాట? మన కార్మికులకు వచ్చే అరబ్బీ ఒకటుంది. మాఫీ మాలూమ్, మాఫీ ముష్కిల్, ఖలాస్, బుక్రా. ఫిలిప్పినో, బెంగాలీ, మలబారీ అందరూ కలిసి తయారుచేసుకున్న భాష. ఆర్డరు తీసుకోవడానికి సరిపోతుంది. బేరానికి సరిపోదు. ఎందుకంటే అందులో అన్నీ ఆజ్ఞలూ, క్షమాపణలే, వివరణ ఉండదు. ఈ బట్ట ఎందుకు ఖరీదు, ఈ కంప్రెసర్ ఎందుకు మార్చాలి, నెలకు ఒకసారి శుభ్రం చేయించుకుంటే మీకు ఎంత మిగులుతుంది, ఈ మూడు చెప్పాలంటే ఎందుకంటే అనే మాట కావాలి. మన హైదరాబాదీలకు ఉర్దూ ఉంది, అక్షరాలు తెలుసు, చాలా పదాలు తెలుసు, వాళ్ళకిది తేలిక. మిగతావాళ్ళు తమ వృత్తికి సంబంధించినంత వరకు ఓ నలభై వాక్యాలు సరిగ్గా పట్టుకుంటే చాలని నా అభిప్రాయం. వ్యాకరణం పుస్తకం కొనకండి, ఆరో పేజీ దాటదు.

సౌదీ మనిషితో పెద్ద పని మాట్లాడటానికి పోతే ధర మొదట తీయకూడదు. గహ్వా వస్తుంది, ఏలకులు వేసిన పలుచని కాఫీ, చెవుల్లేని చిన్న గిన్నెలో. పక్కన ఖర్జూరాలు. కుడిచేత్తో అందుకోవాలి. చాలు అనుకుంటే గిన్నెను కొద్దిగా అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. ఆరోగ్యం, పిల్లల చదువు, ఊరు, వాన. ఇంట్లో ఆడవాళ్ళను పేరు పెట్టి అడగకూడదు. మనవాళ్ళు కొందరు దీన్ని కాలయాపన అనుకుని గబగబా కొటేషన్ కాగితం తీసి బల్ల మీద పెడతారు. అవతలివాడు ఆ అరగంటలో మనిషిని తూకం వేస్తున్నాడని గమనించరు. ఇన్‌షా అల్లా అన్నాడంటే ఒప్పుకున్నట్టా, తప్పించుకున్నట్టా అని నన్ను చాలామంది అడుగుతారు. రెండూ కావచ్చు. ఏ రోజు, ఎన్ని గంటలకు అని మర్యాదగా మళ్ళీ అడిగితే తేలిపోతుంది. అలా మళ్ళీ అడగడానికే మనకు నోరు రాదు, పెద్దాయనను నిలదీసినట్టు ఉంటుందని.

నోటి మాట ఒకటైతే కాగితం మాట ఇంకొకటి. 2018 జనవరి 1న 5 శాతం వ్యాట్ వచ్చింది, 2020 జులైలో 15 శాతం అయింది. ఏడాదికి 3,75,000 రియాళ్ళు దాటి అమ్మేవాడు నమోదు కావలసిందే. 115 రియాళ్ళు గల్లాలో పడితే అందులో 15 తనవి కావని రోజూ గుర్తుంచుకోవడం చిన్న వ్యాపారికి చాలా కష్టం, గల్లా ఒక్కటే కదా. 2021 డిసెంబరు 4 నుంచి చేతిరాత బిల్లులు చెల్లవు, కంప్యూటరు మీద, అరబ్బీలో, క్యూఆర్ కోడ్‌తో ఇవ్వాలి. మనవాళ్ళు దీన్ని పెద్ద పీడగా తిట్టుకున్నారు. నాకు మాత్రం దాంట్లో ఒక మేలు కనిపించింది. జీవితంలో మొదటిసారి తన కొట్టులో ఏ సరుకు ఏ వారం ఎంత పోయిందో ఆ మనిషికి కళ్ళెదుట కనబడింది. అది చూసుకోకపోతే వ్యూహం అనే మాటకు అర్థం లేదు. ఉదాహరణకు సౌదీ ప్రభుత్వోద్యోగుల జీతాలు నెల 27న పడతాయి. 2016 దాకా హిజ్రీ నెలల ప్రకారం పడేవి, ఆ తర్వాత ఇంగ్లీషు క్యాలెండరుకు మారాయి. బిల్లుల వరస తిరగేస్తే ఆ 27 ఎక్కడుందో మీ కొట్టే చెబుతుంది. సరుకు 28న తెప్పిస్తున్నారా, 24న తెప్పిస్తున్నారా? రంజాన్‌లో పగలు తెరిచి కూర్చుని రాత్రి పది గంటలకు మూసేస్తున్నారా? బజారు మొదలయ్యేదే అప్పుడు.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? రియాద్, జెద్దా, తూర్పు ప్రాంతం దమ్మామ్, ఖోబర్ వైపు టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఉన్నాయి. 1924లో అమెరికాలో కాలిఫోర్నియాలో పుట్టిన సంస్థ అది. సౌదీలో భారతీయులు వాటిలో చాలామందే ఉంటారు, కానీ ఎక్కువగా ఇంజనీర్లు, అకౌంటెంట్లు. దుకాణదారులు వెళ్ళరు, అది ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళ గోష్ఠి అనుకుని. అక్కడి పద్ధతి చూస్తే అది వాళ్ళకంటే వీళ్ళకే ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది. ముందు చెప్పకుండా ఒక ప్రశ్న ఇస్తారు, లేచి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. కౌంటరు దగ్గర రోజూ జరిగేది అదే కదా! ఒకరు గడియారం పట్టుకుని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చూపిస్తారు. ఇంకొకరు మీరు ఎన్నిసార్లు అఁ, అదే, అంటే అన్నారో లెక్కపెడతారు. చివర మరొకరు మీ మాటలో ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి అని నొప్పి కలగకుండా చెబుతారు. ఈ చివరి విద్య పనివాణ్ణి అందరి ముందూ తిట్టే అలవాటున్న మన యజమానులకు అత్యవసరం.

ఈ క్లబ్బుల నుంచే వచ్చాడు మొహమ్మద్ కహ్తానీ. సౌదీలో సెక్యూరిటీ ఇంజనీరు. చిన్నప్పుడు నత్తి. 2015 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన పోటీలో ప్రపంచ వక్తృత్వ విజేత అయ్యాడు. రెండో స్థానం మన భారతీయుడు ఆదిత్య మహేశ్వరన్‌ది. కహ్తానీ వేదిక మీదికి వచ్చి సిగరెట్ నోట్లో పెట్టుకుని, పొగాకు అంత ప్రమాదమేమీ కాదని గడగడా అంకెలు చెప్పాడు. సభ నమ్మేలోపు, ఇవన్నీ నేను కల్పించినవి అన్నాడు. ధీమాగా చెబితే జనం దేన్నైనా నమ్ముతారని చూపించడానికి. వ్యాపారి ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నమ్మించే శక్తి వచ్చాక దాన్ని గ్యారంటీ లేని సరుకు మీద వాడితే ఎన్నాళ్ళు నిలుస్తుంది? వలస బజారులో కబురు వాట్సాప్ కంటే వేగంగా పాకుతుంది.

వ్యాపార స్వభావం నేర్పితే వచ్చేది కాదు, కులంలోనో రక్తంలోనో ఉండాలి అనే మాట మన దగ్గర బాగా వినపడుతుంది. ఆ మాట నిజమా కాదా అని లోకంలో పరీక్షించి చూసిన పేరున్న ప్రయోగాల్లో ఒకటి మన కాకినాడ వ్యాపారుల మీదే జరిగింది. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ నుంచి యాభైమందికి పైగా చిన్న వ్యాపారులను, బృందాలుగా, హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి కొన్ని రోజులపాటు తర్ఫీదు ఇప్పించాడు. ఇప్పుడు ఆ సంస్థను ని-ఎంఎస్ఎంఈ అంటున్నాం. శిక్షణ లేని వ్యాపారులతో పోల్చి చూస్తే, వెళ్ళొచ్చినవాళ్ళు తర్వాతి రెండేళ్ళలో ఎక్కువ గంటలు పనిచేశారు, ఎక్కువ కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. కులం, పాత నమ్మకాలు అడ్డు రాలేదు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ఆయన దీనిమీద పుస్తకమే వేశాడు.

ఆయన శిక్షణలో ఒక ఆట ఉండేది. నేల మీద ఒక మేకు, చేతిలో కొన్ని రింగులు. ఎంత దూరం నుంచి వేస్తావో నీ ఇష్టం. కొందరు మేకు మీదకు వంగి వేస్తారు, తప్పకుండా పడుతుంది. కొందరు గది చివర నుంచి విసురుతారు, పడితే అదృష్టం. వ్యాపారం పెంచుకోగల మనిషి రెండు మూడు వేసి చూసి, కష్టమే కానీ తన చేతికి అందే దూరం ఎంచుకుంటాడు.

దీన్ని రియాద్ బతా వీధిలో పెట్టి చూడండి. మేకు పక్కన నిలబడటం అంటే తెలుగువాడు తెలుగువాడికే ఇడ్లీ అమ్మడం. శుక్రవారం గిరాకీ ఉంటుంది, మిగతా ఆరు రోజులు ఈగలు. గది చివర నుంచి విసరడం అంటే ఉన్నదంతా ఊడ్చి, ఊళ్ళో పొలం కుదువబెట్టి, తహ్లియా వీధిలో అద్దాల రెస్టారెంటు తెరవడం. ఆ మధ్య దూరం ఒకటుంటుంది. అనుమతులున్న వంటశాల నుంచి ఒక కంపెనీ క్యాంపుకు నెలవారీ భోజనాలు ఒప్పుకోవడం అలాంటిది. దానికి కావలసింది కొత్త పొయ్యి కాదు. క్యాంపు బాసు ముందు కూర్చుని, మనిషికి రోజుకు ఇంత అవుతుంది, ఇందులో కూరగాయలు ఇంత, రవాణా ఇంత, బిల్లు నెలాఖరుకు ఇస్తాను, డబ్బు పదిహేను రోజుల్లో కావాలి అని తడబడకుండా చెప్పడం.

ఓపిక కూడా వ్యూహమే అనడానికి జెద్దాలోనే సాక్ష్యం ఉంది. ఉమ్రా యాత్రకు వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా అల్‌బైక్ చికెన్ గురించి చెబుతారు. 1974లో షకూర్ అబూ గజాలా మొదలుపెట్టారు. రెండేళ్ళకే ఆయన పోయారు. కొడుకులు ఇహ్సాన్, రామీ అందుకున్నారు. రహస్య మసాలా సొంతంగా తయారుచేసుకున్నారు. ధర తక్కువలోనే ఉంచారు. కుప్పలుగా ఫ్రాంచైజీలు ఇచ్చేయలేదు. దేశం దాటి మొదటి శాఖ బహ్రెయిన్‌లో పెట్టింది 2020 డిసెంబరులో, అంటే 46 ఏళ్ళకు. మనవాడు రెండో కొట్టు ఆరో నెలలోనే తెరిచి, బావమరిదిని కూర్చోబెట్టి, ఏడాదికి రెండూ మూసుకుంటాడు. బావమరదుల మీద నాకు కోపం లేదు లెండి.

ఒక మాట అక్కడి తెలుగు ఆడవాళ్ళ గురించి. ఆవకాయ, అరిసెలు, బ్లౌజులు, వాట్సాప్ గ్రూపుల్లో చక్కగా అమ్ముతారు. ఫోటో ఎలా తీయాలి, ఏ వేళకు పెట్టాలి, వద్దన్నవాళ్ళను నొప్పించకుండా మళ్ళీ ఎప్పుడు కదపాలి, అన్నీ తెలుసు. మగవాళ్ళకు పాఠం చెప్పగల స్థాయి. అయితే భర్త మీద ఆధారపడ్డ వీసాతో సొంత వ్యాపారం చేయడానికి చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే అకామాకే ముప్పు. మళ్ళీ అదే గోడ, నైపుణ్యం ఒకచోట, పేరు ఇంకొకచోట.

తిరిగి ఊరికి వచ్చేవాళ్ళకు ఈ గోడ దెబ్బ తెలుస్తుంది. ఇరవై ఏళ్ళు జెద్దాలో హోటలు నడిపిన మనిషి, ఇక్కడ మండీ సెంటరు పెడదామని ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద అప్పుకు వెళ్తాడు. సేవా రంగంలో 20 లక్షల దాకా ప్రాజెక్టుకు ఇస్తారు, సబ్సిడీ ఉంటుంది. బ్యాంకు మేనేజరు అడిగేవి మామూలు ప్రశ్నలే. నీ అనుభవానికి రుజువేమిటి? నెలకు ఎంత అమ్మేవాడివి? మనిషి దగ్గర అనుభవం బస్తాలకొద్దీ ఉంటుంది, తన పేరు మీద ఒక్క బిల్లు కూడా ఉండదు. అన్నీ కఫీలు పేరు మీదే. అందుకని ఇప్పుడు అక్కడే ఉన్న శ్రోతలకు చెబుతున్నాను. మీరు మేనేజరుగా ఉన్నా సరే, ఆ పని చేశారని కంపెనీ ముద్రతో ఉత్తరం ఏడాదికోసారి అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటపడకండి. సరుకు ఎవరి దగ్గర కొన్నారో, ఏ ధరకు కొన్నారో, వంటవాళ్ళు ఎందరు మీ కింద చేశారో మీ సొంత పుస్తకంలో తేదీలతో రాసుకోండి. బ్యాంకులో చెప్పబోయే మూడు నిమిషాల మాట అక్కడ గదిలో ఉండగానే, పక్క మంచం మిత్రుడి ముందు నిలబడి, తెలుగులో ఒకసారి చెప్పి చూడండి. మధ్యలో అతను ఆపి, ఇదెందుకు అని అడిగిన చోటల్లా గీత పెట్టుకోండి. మేనేజరూ సరిగ్గా అక్కడే ఆపుతాడు.